బాలామృతం ప్యాకెట్‌కీ టీకా కార్డుకీ ముడి పెట్టవచ్చా?

ఏజెన్సీలో రెండు గూడేలకు కలిపి ఒకటే కేంద్రం నడుపుతున్న అంగన్‌వాడీ టీచర్ ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. పదకొండేళ్ల సర్వీసు ఆమెది. ఉత్తరం సారాంశం ఇది.

ఆమె పరిధిలో రెండేళ్లలోపు పిల్లలు 22 మంది. పుట్టగానే ఆసుపత్రిలో వేసే టీకాలు అందరికీ పడ్డాయి. నెలన్నర సూదికి కూడా చాలామంది తల్లులు వచ్చారు. అక్కణ్నుంచి పలచబడిపోతున్నారు. తొమ్మిదో నెల తట్టు టీకా దాకా వచ్చినవాళ్లు సగం మందే. ఆ గూడేలకు టీకాలు వేసే నర్సు, ఏఎన్ఎం, వచ్చేది శనివారం. అక్కడి సంత కూడా శనివారమే. నెలవారీ మీటింగులో ఈ లెక్క చదివినప్పుడు ఆమె అందరి ముందూ మాట పడ్డారు. ఆ ఉక్రోషంలో తిరిగొచ్చి, "టీకా కార్డు చూపిస్తేనే బాలామృతం" అని తనంతట తనే ఒక షరతు పెట్టారు. బాలామృతం అంటే కేంద్రంలో చిన్నపిల్లలకు ఇచ్చే పోషకాహార పొడి.

మర్నాడు ఒక తల్లి వచ్చింది. తొలి కాన్పు. పాపకి ఆరు నెలలు నిండి మొదటి ప్యాకెట్ అందుకోవాల్సిన రోజు. తూకం వేస్తే పాప గ్రోత్ చార్టులో ఆకుపచ్చలోంచి పసుపులోకి జారి ఉంది. కార్డులో నెలన్నర సూది తర్వాత అన్నీ ఖాళీలే. ఆ సూదికి పాపకి రెండు రాత్రులు జ్వరం వచ్చి, తొడ గట్టిపడి వాచిందట. ఇంకోసారి సూది అంటే ఊరుకోనని అత్తగారు తేల్చి చెప్పిందట. టీచర్ ప్యాకెట్ ఇవ్వలేదు. ఆ అమ్మాయి గొడవ పడలేదు. "సరే టీచరమ్మా" అని, తెచ్చుకున్న సంచి నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది. రెండు నెలలైంది, మళ్లీ కేంద్రం గడప తొక్కలేదు.

ఇంతలో, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న టీచర్ పెదనాన్న కొడుకు ఫోన్‌లో సంగతంతా విని, "ప్రతి సూదికీ ఒక న్యూట్రిషన్ పౌడర్ డబ్బా ఇద్దాం, డబ్బు నేను పంపుతా" అన్నాడు. ఏఎన్ఎం సంబరపడింది. ఆశ కార్యకర్త మాత్రం, "ఒకసారి డబ్బా అలవాటు చేస్తే రేపు డబ్బా లేనిదే ఎవరూ రారు. ఇప్పటికే వేయించినవాళ్లు మాకేదీ అని నిలదీస్తారు" అంటోంది. "ఆ రోజు నేను చేసింది తప్పేనా? అన్నయ్య డబ్బు తీసుకోవచ్చా? పిల్లల ఆరోగ్యాన్ని బేరానికి పెట్టినట్టు కాదా? రాత్రిళ్లు ఆ మడిచిన సంచే కళ్ల ముందు కనిపిస్తోంది" అని ముగించారు ఆ సోదరి.

చెల్లెమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. కానీ ముందు చెప్పాల్సింది ఆ పాప గురించి. ఈ ఉత్తరం మీకు చేరిన రోజే ఆ ఇంటికి వెళ్లండి. బాలామృతం ప్యాకెట్ పట్టుకుని వెళ్లండి. టీకా మాట ఆ రోజు ఎత్తకండి. వాళ్లంతట వాళ్లు ఎత్తితే తప్ప.

అవును, తప్పే. కోపంతో అనడం లేదు. ఆ ప్యాకెట్ ఇవ్వడానికీ ఆపడానికీ మీ చేతిలో ఉన్న వస్తువు కాదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా పోషకాహారం హక్కు. టీకా వేయించుకుంటేనే అన్న షరతు అందులో లేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ అంటే రోజుకు వంద గ్రాముల చొప్పున పాతిక రోజుల తిండి. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. తల్లిపాలు ఒక్కటే సరిపోని వయసు మొదలైన నెలలోనే ఆ పాపకి అది అందలేదు. సూది వద్దన్నది నాయనమ్మ, గిన్నె ఖాళీ అయింది పాపకి.

ఇలాంటి తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మూడు నెలలు ఆలస్యంగా బిడ్డను తెచ్చిన ఒక తల్లిని ఓపీలో పదిమంది ముందు కేకలేశాను. ఆ రోజు సూది వేయించుకుని వెళ్లింది. ఇక రాలేదు. ఆ బిడ్డకు తట్టు వచ్చి, విరేచనాలతో కళ్లు లోతుకు పోయాక తెచ్చారు. బతికాడు. కానీ మళ్లీ కండ పట్టడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాత ఏ తల్లినీ గట్టిగా అడగడానికి నాకు నోరు రాలేదు. అందుకే మీ మడిచిన సంచి నాకు అర్థమైంది.

ఆ ఇంటికి వెళ్లినప్పుడు జబ్బకొలత టేపు జేబులో పెట్టుకోండి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ, అంటే ఎరుపులో ఉంటే, ఇక మాటలు వద్దు. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) తీసుకెళ్లాలి. అక్కణ్నుంచి పోషకాహార పునరావాస కేంద్రానికి పంపడం వాళ్ల పని. పసుపులో ఉంటే ప్యాకెట్ ఎలా కలపాలో మీ చేత్తో ఒకసారి చేసి చూపించండి. గోరువెచ్చని నీళ్లలో జావలా కాకుండా, చెంచా వంచితే జారిపోనంత చిక్కగా. చాలా ఇళ్లల్లో పల్చటి జావ చేసి అందరూ తాగేస్తారు, పాప వాటాకి నాలుగు చెంచాలు మిగులుతుంది. మీకిది నేను చెప్పనక్కర్లేదు, నాకంటే ఎక్కువే చూసి ఉంటారు.

ఇక మీ అన్నయ్య డబ్బు. తాయిలం పెట్టి టీకా వేయించడం అన్నది మీ ఊళ్లో పుట్టిన ఆలోచన కాదు. దీన్ని బాగా లెక్కకట్టి చూసినవాళ్లు ఉన్నారు. రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లా, అది కూడా ఎక్కువగా ఆదివాసీల పల్లెలే. 2004 నుంచి 2007 వరకు అక్కడి సేవా మందిర్ అనే సంస్థతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 134 ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు. ఈ ఇద్దరికీ తర్వాత 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అక్కడ సబ్‌సెంటర్‌కి వెళితే నర్సు ఉంటుందో లేదో తెలియని పరిస్థితి. కొన్ని ఊళ్లను ఉన్నవి ఉన్నట్టు వదిలేశారు. కొన్ని ఊళ్లలో నెలకోసారి, చెప్పిన రోజున తప్పకుండా టీకా శిబిరం పెట్టారు. ఇంకొన్ని ఊళ్లలో శిబిరంతో పాటు, సూదికి వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయితే స్టీలు కంచాల సెట్టు ఇచ్చారు. అప్పట్లో కిలో పప్పు సుమారు 40 రూపాయలు.

చివరికి పిల్లలందరినీ చూస్తే, ఏమీ చేయని ఊళ్లలో అన్ని టీకాలూ పూర్తయినవాళ్లు నూటికి 6. శిబిరం మాత్రమే పెట్టిన చోట 18. పప్పు కూడా ఇచ్చిన చోట 39. ఇంకో విషయం చాలామందికి నమ్మబుద్ధి కాదు: పప్పు ఇచ్చిన చోటే ఖర్చు తక్కువైంది. పూర్తిగా టీకాలు పడిన ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు ఉత్త శిబిరాల్లో 56 డాలర్లు, పప్పు ఇచ్చిన చోట 28 డాలర్లు. నర్సు జీతం, ప్రయాణం, ఐస్ పెట్టె ఎలాగూ ఆ రోజుకి అయ్యే ఖర్చే. పదిమంది వచ్చినా ముప్ఫై మంది వచ్చినా అంతే. ఎక్కువమంది వస్తే తలసరి తగ్గుతుంది.

ఈ లెక్కను మీ అన్నయ్యకు చెబితే రేపే డబ్బు వేసేస్తాడు. కానీ ఇందులో మీకు పనికొచ్చేది మరో చోట ఉంది. మొదటి సూదికి పప్పు లేకుండానే చాలామంది వచ్చారు. పప్పు పనిచేసింది ఆ తర్వాత, అడుగులు తడబడే మూడో, నాలుగో, ఐదో సూది దగ్గర. అంటే ఆ తల్లులు టీకాకు వ్యతిరేకులు కారు. 'వచ్చే నెల చూద్దాంలే' అనుకునేవాళ్లు. ఇవాళ్టి కూలి, ఇవాళ్టి జ్వరం, రాత్రి నిద్ర చెడటం కళ్లకు కనిపించే నష్టాలు. కోరింత దగ్గు రాకపోవడం కనిపించే లాభం కాదు. కిలో పప్పు సాయంత్రానికి పొయ్యి మీదికి ఎక్కుతుంది. వాయిదా వేసే మనిషికి అది చాలు.

భయపడే మనిషికి అది చాలదు. మీ గూడేల్లో రెండు రకాలవాళ్లూ ఉన్నారు, మీరు వాళ్లను ఒకే గాటన కట్టారు. శనివారం అడ్డాకులు, పసుపు, చిక్కుళ్లు లాంటివి అమ్ముకోవడానికి సంతకి వెళ్లక తప్పని తల్లికి పప్పు కంటే ముందు కావాల్సింది ఇంకో రోజు. ఆరు నుంచి 18కి తీసుకెళ్లింది పప్పు కాదు, చెప్పిన రోజున మనిషి రావడం. ఏఎన్ఎంతో, మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి బుధవారానికి మార్చగలరేమో అడగండి. లేదంటే శనివారమే ఉంచి సంత దగ్గరే, తల్లులు గంపలు దించే చోటే, సూదుల పెట్టె పెట్టించగలరేమో చూడండి. సంతలో వేస్తే గూడెం పేరు, కార్డు నంబరు రిజిస్టర్‌లో కలపడం కాస్త చిక్కు. వేసిన తర్వాత అరగంట కూర్చోబెట్టడానికి నీడ కావాలి. కానీ పైసా ఖర్చు లేని పని. నా అనుభవంలో సగం ఖాళీలు దీంతోనే నిండుతాయి.

ఇదంతా చేశాక కూడా పప్పు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. అది బేరం కాదు. మన ప్రభుత్వాలే చేస్తున్న పని. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో తొలి కాన్పుకు ఇచ్చే 5,000 రూపాయల్లో చివరి విడత, బిడ్డకు మూడున్నర నెలల సూదుల దాకా పూర్తయ్యాకే పడుతుంది. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో కూడా 12 వేలలో, ఆడపిల్ల అయితే 13 వేలలో, కొంత భాగాన్ని మూడున్నర నెలల, తొమ్మిది నెలల టీకాలకు ముడిపెట్టారు. కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లికి ఎంతో కొంత చేతిలో పెట్టడంలో తప్పు లేదు. మీరు ఆ రోజు పెట్టిన షరతుకీ దీనికీ తేడా ఒకటే. ఇక్కడ రానివాళ్ల నుంచి ఎవరూ ఏమీ లాక్కోవడం లేదు.

అన్నట్టు, ఆ అమ్మాయిది తొలి కాన్పు అన్నారు. ఆమెకు మాతృ వందన చివరి విడత వచ్చిందా? సూదులు ఆగిపోయాయి కాబట్టి వచ్చి ఉండదు. దీనికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి. ఎవరి డబ్బూ అక్కర్లేకుండా ఆ ఇంటికి వచ్చే తాయిలం మీ రిజిస్టర్‌లోనే ఉంది.

డబ్బాలు మాత్రం వద్దు. ఈ మాట గట్టిగానే చెబుతాను. రెండేళ్లలోపు పిల్లలకని అమ్మే పాలపొడి, డబ్బా ఆహారాలను బహుమతిగా పంచడం మీద 1992లో వచ్చి, 2003లో సవరించిన చట్టం చాలా కఠినంగా ఉంది. మీరు మంచి మనసుతో చేసినా ఫిర్యాదు వస్తే తల పట్టుకోవాలి. అంతకంటే ముఖ్యం, 'టీచరమ్మే ఇచ్చింది' అంటే ఆ డబ్బా తల్లిపాల కంటే గొప్పదన్న నమ్మకం పాకుతుంది. అది అయిపోయాక ఆ తల్లి కూలి డబ్బుతో ఇంకో డబ్బా కొంటుంది. నీళ్లు ఎక్కువ పోసి వారం రావాల్సింది నెల రప్పిస్తుంది. విటమిన్లు కలిపిన పొడులైతే ఇంకో చిక్కు. తొమ్మిదో నెల తట్టు టీకాతో పాటే విటమిన్ ఏ సిరప్ లక్ష యూనిట్లు పడుతుంది. సగం గీత ఉన్న ఆ చిన్న ప్లాస్టిక్ చెంచాలో సగం. తర్వాత ఆరు నెలలకోసారి నిండు చెంచా, ఐదేళ్లు వచ్చేదాకా. దాని మీద ఇంకా పెట్టడం మంచిది కాదు. మీ అన్నయ్యకు చెప్పండి, టీకాతో కలిపి ఇచ్చే పోషకం మన దగ్గర ఎప్పటినుంచో ఉందని. తట్టు సోకిన బిడ్డ ఒంట్లో విటమిన్ ఏ అడుగంటిపోతుంది, కళ్లు దెబ్బతింటాయి, విరేచనాలు, న్యుమోనియా చుట్టుకుంటాయి. ఆ టీకా, ఆ సగం చెంచా కలిసి బిడ్డ తిన్న తిండిని ఒంట్లో నిలుపుతాయి.

కందిపప్పు, లేదా మీ వైపు వాళ్లు రోజూ వండుకునే పప్పు ఏదైనా సరే. ఇంటిల్లిపాదీ తింటారు, పాప గిన్నెలోకీ మెత్తగా మెదిపి చేరుతుంది. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలలు, తొమ్మిదో నెల, ఏడాదిన్నర. ఒక బిడ్డకు ఐదు రాకలు, ఐదు కిలోలు. 22 మంది పిల్లలకు 110 కిలోలు. మీ సంతలో ధర కట్టి అన్నయ్యకు పంపండి, డబ్బాల ఖర్చు కంటే తక్కువే అవుతుందనుకుంటా.

ఆశ కార్యకర్త చెప్పినదాంట్లో పస ఉంది, కొట్టిపారేయకండి. రానివాళ్లకే ఇచ్చి, ముందే వచ్చినవాళ్లను వదిలేస్తే, రాకపోతేనే లాభమని ఊరికి మనమే నేర్పినట్టు. ఉదయపూర్‌లో ఎవరు వచ్చినా ఇచ్చారు. మీరూ మొదటి రోజు నుంచి అందరికీ ఇవ్వండి. ఈసరికే అన్నీ పూర్తి చేసిన తల్లులకు వెనకటి రోజులకు కూడా కలిపి ఒక కంచమో గిన్నో పెట్టండి. అలవాటు పడతారన్న భయానికి మందు, ఆగేది ఎప్పుడో మొదలుపెట్టే రోజే చెప్పేయడం. 'ఈ ఏడాది మాత్రమే, మా అన్నయ్య ఇస్తున్నాడు' అనండి. అది చెప్పకుండా మొదలుపెట్టి ఆర్నెల్లకు ఆపితే, అప్పుడు ఆశ అన్నదే నిజమవుతుంది.

డబ్బు మీ ఖాతాలో పడనివ్వకండి. సూపర్‌వైజర్‌కి, అంగన్‌వాడీల ప్రాజెక్టు అధికారి సీడీపీఓకి, పీహెచ్‌సీ డాక్టర్‌కి కాగితం మీద చెప్పి, పంచాయతీ ఆరోగ్య కమిటీ ద్వారా కొనిపించండి. ఎవరికి ఎంత ఇచ్చారో సంతకాలు తీసుకోండి. పై అధికారులు వద్దంటే ఆగిపోండి. మీ ఉద్యోగం ఆ 22 మంది పిల్లలకు పప్పు కంటే ఎక్కువ.

ఇంకో సంగతి కూడా మీ అన్నయ్యకు ముందే చెప్పి ఉంచండి. ఉదయపూర్‌లో పప్పు పెట్టిన ఊళ్లలో కూడా నూటికి 61 మంది పూర్తి చేయలేదు. అదీగాక అక్కడ దాదాపు ఏమీ లేని చోట మొదలుపెట్టారు. మీ దగ్గర పుట్టినప్పటి టీకాలు అందరికీ పడుతున్నాయి, సగం మంది తొమ్మిదో నెల దాకా వస్తున్నారు. అక్కడ దక్కినంత పెరుగుదల ఇక్కడ ఆశించకూడదు. దేశం మొత్తం మీద పూర్తి టీకాలు పడిన పిల్లలు 2015-16 సర్వేలో 62 శాతం, 2019-21 సర్వేలో 76 శాతం. ఇంత పెరుగుదలా పప్పు పంచి సాధించింది కాదు. ఇల్లిల్లూ తిరిగిన మీలాంటివాళ్లది.

చివరికి ఆ అత్తగారి దగ్గరికి వద్దాం. ఆవిడకి పప్పు ఇస్తే తీసుకోదు, తీసుకున్నా సూది వేయించదు. ఆవిడ కళ్లారా చూసింది: బిడ్డ నవ్వుతూ వెళ్లింది, ఏడుస్తూ, ఒళ్లు కాలిపోతూ వచ్చింది. ఇందులో మూఢత్వం ఏమీ లేదు. ఆ నెలన్నర సూదిలో, అంటే ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటా టీకాలో, కోరింత దగ్గు భాగం వల్ల ఒకటి రెండు రోజులు జ్వరం రావడం, సూది దిగిన చోట వాపు రావడం మామూలే అని ఆ రోజు ఎవరైనా ఆవిడకి చెప్పారా? నాకు అనుమానమే. టీకా వేశాక నాలుగు మాటలు చెప్పాలని ఏఎన్ఎంలకు శిక్షణలో నేర్పుతారు. ఏ టీకా వేశాం, దేనికి. ఏం ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేయాలి. మళ్లీ ఎప్పుడు రావాలి. కార్డు దాచుకో. రద్దీలో మొదట ఎగిరిపోయేది రెండో మాట. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ జ్వరం అనుకున్న జ్వరమే అయ్యేది.

కాబట్టి రెండోసారో మూడోసారో వెళ్లినప్పుడు ఆవిడ పక్కన కూర్చుని, ఆ రెండు రాత్రులు ఏం జరిగిందో అడగండి. మధ్యలో ఆపకండి. 'మీరు భయపడ్డారంటే భయపడాల్సిందే, మేం ముందే చెప్పాల్సింది' అని ఒప్పుకోండి. ఆ మాట అనడానికి మీకు చిన్నతనం ఏమీ లేదు. తర్వాత సూది వేయించిన రాత్రి జ్వరం వస్తే ఏఎన్ఎం చెప్పిన మోతాదులో పారాసిటమాల్, వాపు మీద చల్లటి తడిగుడ్డ, పాలు మాన్పించకుండా పట్టడం. పసర్లు, పేడ పట్టించవద్దని ఆవిడకే చెప్పండి, కోడలికి కాదు. జ్వరం రెండు రోజులు దాటినా, మూడు గంటలకు పైగా ఆగకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా అర్ధరాత్రి అయినా మీకు ఫోన్ చేయమని నంబర్ రాసివ్వండి. సూది పడిన మర్నాడు పొద్దున్నే మీరు ఆ ఇంటి ముందు కనిపించండి. నేను చూసినంతలో భయానికి ఇంతకంటే పెద్ద తాయిలం లేదు.

పాపకి ఎనిమిది నెలలే. ఆలస్యమైందని మొదటి నుంచి మళ్లీ వేయనక్కర్లేదు. ఏడాది లోపు పెంటా అందుకోవచ్చు. ఇప్పుడు రెండోది, నాలుగు వారాలకు మూడోది. ఆలోపు తొమ్మిది నెలలు నిండుతాయి, తట్టు-రుబెల్లా, సగం చెంచా సిరప్. బక్కగా ఉందని ఆపకూడదు. బక్కపిల్లలకే టీకాలు మరీ అవసరం.

ఇంకొక్కటి. హర్యానాలో ఇదే బృందం తర్వాత మరో పని చేసింది. ఊళ్లలో జనాన్ని అడిగారు, మీ ఊళ్లో ఏ కబురైనా ఎవరి నోట చెబితే త్వరగా పాకుతుందని. అలా పేరొచ్చినవాళ్లకు టీకాల కబురు అందించారు. ఆ ఊళ్లలో టీకాలకు వచ్చే పిల్లలు పెరిగారు. మీ గూడెంలో ఈ ప్రశ్న అడిగి చూడండి. ఆ నాయనమ్మ పేరే వస్తుందేమో అని నాకనిపిస్తోంది. కోడలు నోరు తెరవకుండా సంచి మడుచుకుని వెళ్లిందంటే, ఆ ఇంట్లో మాట చెల్లేది ఆవిడదే.

వచ్చే నెల తూకం అయ్యాక పాప బరువెంతో నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.